నట్టల మందు సీసా మూత తీసే ముందు

పెట్ట గుడ్డు మానేసిందంటే ఊళ్లో ముందు వినపడే మాట నట్టలు పడ్డాయనే. పొదుగుకు కూర్చోబోతున్నా, ఈకలు రాలుస్తున్నా, మేత చాలకపోయినా, వయసు మీద పడినా అందరూ చెప్పే కారణం అదొక్కటే. ఆ వెంటనే మందుల షాపు. "కోళ్లకేనా అన్నా? గొర్రెలదే ఉంది, కొంచెం తక్కువ పొయ్యి" అంటూ షాపతను చేతిలో పెట్టే సీసాలో ఆల్బెండజోల్ ఉండొచ్చు, పైపరజైన్ ఉండొచ్చు, లెవామిసోల్ ఉండొచ్చు. ఈ మూడూ ఒకదానికొకటి సంబంధం లేని మందులు. చంపే పురుగులు వేరు, చంపే తీరు వేరు, గుడ్డులో మిగిలే తీరూ వేరు. ఆ తేడా అక్కడ ఎవరూ అడగరు. "కొంచెం తక్కువ" అంటే ఎంతో కూడా ఎవరూ చెప్పరు.

పెరటి పెట్టల నట్టల గురించి ఇన్నేళ్లలో పోగైన పరిశోధనను వరసగా చదువుకుంటూ వస్తే నాకు తోచింది ఇది: ఆఖరున అడగాల్సిన ప్రశ్నను మనం మొట్టమొదట అడుగుతున్నాం. ఏ మందు అన్నది ఆఖరి ప్రశ్న. ఏ పురుగు, ఏ వయసు కోడి, ఎలాంటి నేల అన్న మూడూ దానికి ముందు తేలాలి. అవి తేలితే చాలాసార్లు మందు మోతాదు మారుతుంది, కొన్నిసార్లు మందు పేరే మారుతుంది, ఇంకొన్నిసార్లు మందే అక్కర్లేదని తేలుతుంది.

ఇది చిన్న విషయమేం కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 85 కోట్ల పైచిలుకు కోళ్లుంటే అందులో 31.7 కోట్లు పెరటివి. అంతకుముందు గణనతో పోలిస్తే పెరటి కోళ్లు దాదాపు 46 శాతం పెరిగాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు ఇళ్లకు చేరాక పెరటి పెట్ట అంటే ఏడాదికి యాభై అరవై గుడ్లు పెట్టే నాటు పెట్ట మాత్రమే కాదు. గుడ్లు అమ్ముకునే ఇళ్లు పెరిగాయి, గుడ్డు తగ్గితే కలిగే బెంగా పెరిగింది.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఈ పురుగుల మీద కొత్త పరిశోధన ఎక్కువగా ఐరోపా నుంచి వస్తోంది. కోళ్లను పంజరాల్లో పెంచినన్నాళ్లు అక్కడ ఏలికపాముల ఊసు దాదాపు లేదు. పంజరంలో కోడి తన రెట్టను తాను తొక్కదు, తినదు. పాత తరహా పంజరాలను స్వీడన్ ముందే వదిలించుకుంది, 2012 నుంచి ఐరోపా సమాఖ్య అంతటా అవి నిషిద్ధం. కోడి నేల మీదికి దిగింది, దాని వెంట పురుగూ వచ్చింది. జర్మనీలో 18 సేంద్రియ ఫారాల నుంచి 740 పెట్టలను తెచ్చి కోసి చూస్తే 99.6 శాతం పెట్టల్లో ఏదో ఒక నట్ట దొరికింది. మంచి మేత, మంచి షెడ్డు, పశువైద్యుల రాకపోకలు ఉన్న ఫారాల సంగతే ఇలా ఉంటే, పెంటకుప్ప గీరుకుని బతికే మన పెట్టల కడుపులో ఏమీ లేదనుకోవడం అమాయకత్వం. అందుకే "నట్టలు ఉన్నాయా" అన్న ప్రశ్నకు పెద్ద విలువ లేదు. ఉంటాయి. ఎన్ని, ఏవి అన్నదే లెక్క.

అన్నిటికన్నా పెద్దది ఏలికపాము. శాస్త్రవేత్తలు అస్కారిడియా గల్లి అంటారు. తెల్లగా, గుండ్రంగా, ఆడది పది పన్నెండు సెంటీమీటర్ల వరకు పెరిగి చిన్న పేగులో ఉంటుంది. ఆడ పురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుంది, అవి రెట్టతో నేల మీద పడతాయి. పడ్డ వెంటనే వాటితో ప్రమాదం లేదు. తేమ, వెచ్చదనం, నీడ దొరికితే వారం పది రోజుల నుంచి రెండు మూడు వారాల్లో లోపల పిల్ల తయారై, అప్పుడు ఆ గుడ్డు అంటుకునే గుణం తెచ్చుకుంటుంది. కోడి దాన్ని నూకతో కలిపి ముక్కున పొడిస్తే పేగులో పిల్ల బయటికొచ్చి, కొన్నాళ్లు పేగు గోడలో తలదూర్చి ఉండి, మళ్లీ బయటపడి పెద్దదవుతుంది. కోడి తిన్న రోజు నుంచి పురుగు తన గుడ్లు పెట్టడానికి అయిదు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, మందు ఎన్నాళ్లకోసారి అన్న వాదన వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

నష్టం ఎక్కువగా ఆ పేగు గోడలో తలదూర్చిన రోజుల్లోనే జరుగుతుంది. పేగు వాచి, రక్తం కారి, పిల్లకోడి చిక్కిపోతుంది. పురుగులు మరీ ఎక్కువైతే ఉండ చుట్టుకుని పేగు మూసుకుపోయి చచ్చిపోతుంది కూడా. మూడు నెలలు దాటిన కోడికి కొంత నిరోధశక్తి వస్తుంది. అంటే ఒకే వాకిట్లో తిరిగే తల్లి తట్టుకుంటుంది, పిల్లలు పోతాయి. మన ఇళ్లల్లో మాత్రం మందు గుడ్డు పెట్టే పెట్టకు పడుతుంది, పిల్లలకు పట్టదు. గుడ్డు కళ్లకు కనిపించే ఆదాయం మరి.

అరుదుగా ఈ పురుగు పేగు దాటి గుదం మీదుగా అండవాహికలోకి ఎక్కుతుంది. అప్పుడు పగలగొట్టిన గుడ్డులో తెల్లసొన మధ్య తాడులా తేలుతుంది. చూసినవాళ్లు మళ్లీ ఆ ఇంటి గుడ్లు కొనరు. ఆ పురుగు మనిషి కడుపులో బతకదు, కానీ ఆ సంగతి చెప్పి ఒప్పించడం ఎవరి తరమూ కాదు.

సీకం పురుగు కథ వేరు. చిన్న పేగు, పెద్ద పేగు కలిసేచోట రెండు సంచుల్లా ఉండే పేగును పశువైద్యులు సీకం అంటారు. ఈ పురుగు అందులో ఉంటుంది. పొడవు సెంటీమీటరు, ఒకటిన్నర దాటదు. దీని పేరు హెటెరాకిస్. పెట్టకు ఇది చేసే కీడు తక్కువే, దాన్ని పట్టించుకోకపోయినా గుడ్లు పెడుతూనే ఉంటుంది. పెట్ట పక్కన టర్కీ కోడి ఉంటేనే అసలు గొడవ. అమెరికా శాస్త్రవేత్త థియోబాల్డ్ స్మిత్ 1895లో టర్కీల కాలేయాన్ని, సీకాన్ని కుళ్లబెట్టే ఏకకణ జీవిని గుర్తించాడు. ఇప్పుడు దాన్ని హిస్టోమోనాస్ అంటారు. బయట నేల మీద ఒంటరిగా పడితే అది ఎక్కువసేపు బతకలేదు. మరి ఏడాది తర్వాత అదే దొడ్డిలోకి తెచ్చిన కొత్త టర్కీలకు ఎలా సోకుతోంది? 1920లో గ్రేబిల్, స్మిత్ కలిసి ఆ చిక్కు విప్పారు: సీకం పురుగు గుడ్డులో దాక్కుని వస్తోంది. ఆ గుడ్డు మట్టిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. వానపాము దాన్ని మింగి తన ఒంట్లో దాచుకుంటుంది కూడా. వాన పడ్డాక వానపాముల కోసం నేల గీరే కోడికి ఇది నేరుగా నోటికందే ముద్ద.

ఇంకో ఇబ్బంది ఏమిటంటే, టర్కీలకు ఈ జబ్బు వచ్చాక వాడే మందులు చాలాచోట్ల అనుమతి కోల్పోయాయి. అమెరికాలో చివరిగా మిగిలిన నైటార్సోన్‌ను 2015 చివరికి ఆపేశారు. అందువల్ల పెట్టలకు సీకం పురుగు మందు వేయడం పెట్టల కోసం కాదు, టర్కీల కోసం. కోళ్లూ టర్కీలూ ఒకే వాకిట్లో పెంచుదామని ఎవరైనా చెబితే, మందు సంగతి తర్వాత, ముందు దొడ్లు విడదీయమని నా సలహా.

కేపిలేరియా అనే జుట్టు పురుగును కంటితో చూడటం కష్టం. పేగు గీరి నీళ్లలో వేసి నల్లటి పళ్లెంలో చూస్తే తప్ప కనపడదు. కొద్దిగా ఉన్నా బాగా చిక్కగొడుతుంది, రెట్ట పలచనవుతుంది. మామూలు మోతాదుకు సులువుగా లొంగదు. ఇన్ని గుణాలున్నా మన ఊళ్లో దీని పేరెత్తేవాళ్లు ఉండరు.

ఇక బద్దెపురుగులు. నిజానికి మన పెరటి కోళ్లలో వీటిది పెద్ద వాటా. దేశంలో జరిగిన సర్వేల్లో రైలెటీనా జాతులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఏలికపాములాగా ఇవి రెట్ట నుంచి నేరుగా కోడికి అంటుకోవు, మధ్యలో ఇంకో జీవి కావాలి. రైలెటీనాలో రెండు రకాలకు చీమలు, మూడోదానికి పేడపురుగుల్లాంటి పెంకు పురుగులు, కోయనోటీనియాకు ఈగలు, కంటికి ఆననంత చిన్నదైన డావేనియాకు నత్తలు. పురుగులో పండిన తునకలు రెట్టతో అన్నం మెతుకుల్లా రాలతాయి, కొన్ని కాసేపు కదులుతాయి కూడా. రైలెటీనాలో ఎకినోబోత్రిడా అనే రకం పేగు గోడకు తల గుచ్చుకున్నచోట గడ్డలు కడుతుంది. కోసినప్పుడు వాటిని చూసి క్షయ అనుకుని కోడిని పారేసినవాళ్లూ ఉన్నారు. చీమల్ని, పెంకుపురుగుల్ని తినొద్దని కోడికి చెప్పలేం. కాబట్టి వాకిట్లో తిరిగే పెట్టకు బద్దెపురుగు పూర్తిగా పోవాలని ఆశించడం వృథా. మందు వేసిన వారానికే అది మళ్లీ ఒక చీమను పొడుచుకుని తింటుంది.

మరి ఇవన్నీ కలిసి గుడ్డును ఎంత తగ్గిస్తాయి? ఇక్కడ పరిశోధనలు ఒక మాట మీద లేవు. బాగా మేస్తున్న పెద్ద పెట్టలో కొద్దిపాటి పురుగులుంటే గుడ్ల లెక్కలో తేడా కనపడని ప్రయోగాలున్నాయి. ఎక్కువ పడ్డప్పుడు బరువు పడిపోవడం, మేతకు తగిన ఫలితం రాకపోవడం దాదాపు అన్నిచోట్లా కనిపిస్తుంది. జర్మనీలోనే 2007లో వచ్చిన మరో పరిశోధనలో ఏలికపాములు ఎక్కించిన పెట్టలు ఎక్కువ తిన్నాయి, తక్కువ తిరిగాయి. అది నాకు గుడ్ల లెక్క కన్నా విలువైన సంగతి. నట్టలున్న కోడి మేత మానేస్తుందని మనవాళ్ల నమ్మకం. చాలామటుకు అందుకు విరుద్ధంగా జరుగుతుంది: గింజలు తింటుంది, రొమ్ము ఎముక కత్తిలా బయటికొస్తుంది.

టీకాకూ దీనికీ సంబంధం ఉంది. ఏలికపాములున్న కోళ్లకు కొక్కెర తెగులు టీకా వేస్తే రావాల్సినంత రక్షణ రాలేదని 2003లో పల్లె పరిస్థితుల్లో చేసిన అధ్యయనం చెప్పింది. 1927లో ఉత్తరాఖండ్ కొండల్లోని రాణిఖేత్‌లో మన దేశంలో తొలిసారి గుర్తించి ఆ ఊరి పేరే పెట్టిన ఆ తెగులు ఇప్పటికీ పెరటి కోళ్లను గుంపులు గుంపులుగా తుడిచిపెడుతుంది. టీకాకు వారం పది రోజుల ముందు నట్టల మందు వేయమని పశువైద్యులు చెప్పేది ఇందుకే. నన్నడిగితే, ఏడాదిలో ఒక్కసారే మందు వేయగలిగే ఇల్లయితే ఆ ఒక్కసారి టీకా ముందు వేయడం మంచిది.

నాటు కోడికి ఏమీ కాదన్న మాట మీద కూడా కాస్త ఆగాలి. డెన్మార్క్‌లో 2001లో పాత స్థానిక జాతినీ, గుడ్ల కోసం తయారైన లోమన్ బ్రౌన్ రకాన్నీ పక్కపక్కన పెట్టి పురుగులు ఎక్కిస్తే, ఎక్కువ తట్టుకున్నది లోమన్ బ్రౌన్. పాత జాతి అన్నంత మాత్రాన పురుగుకు లొంగదనుకోవడం తప్పని తేలింది. మన అసీల్ మీదో కడక్‌నాథ్ మీదో ఆ లెక్కను రుద్దలేం కానీ, నాటుదనే ధీమాకు ఆధారమేమిటని అడగొచ్చు.

ఏ పురుగో తెలుసుకోవడానికి పెరట్లో అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ వాడరు. ఆదివారం కూరకు కోసిన కోడి పేగుల్ని పారేసే ముందు కత్తెరతో పొడుగునా చీల్చి నీళ్లలో జాడించి చూడండి. చిన్న పేగులో ఏలికపాము, బద్దెపురుగు, సీకం సంచుల చివర సన్నటి తెల్ల పురుగులు కనపడతాయి. పేగు గోడ మీద గడ్డలున్నాయా, రక్తపు మచ్చలున్నాయా తెలుస్తుంది. కోయడం కుదరకపోతే నాలుగైదు కోళ్ల తాజా రెట్ట డబ్బాలో పట్టుకుని పశువైద్యశాలకు వెళ్లొచ్చు. చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే పురుగు గుడ్లు పైకి తేలతాయి, మైక్రోస్కోపు కింద చూస్తారు. ఏలికపాము గుడ్డూ, సీకం పురుగు గుడ్డూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. బద్దెపురుగు గుడ్లు చాలాసార్లు తేలనే తేలవు. కాబట్టి పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన ఏమీ లేదని కాదు.

రెట్టలో రక్తం కనపడితే మాత్రం నట్టల మందు వెతుక్కోవద్దు. పిల్లల్లో అది చాలామటుకు రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. అది పురుగు వల్ల వచ్చేది కాదు, ఏకకణ జీవి వల్ల వచ్చేది. నట్టల మందులేవీ దాని మీద పనిచేయవు. రెండు రోజులు తప్పు మందుతో గడిస్తే పిల్లలు మిగలవు.

మందుల చరిత్ర కాస్త భయపెట్టేదే. గత శతాబ్దం మొదట్లో అమెరికా రైతులు కోళ్ల ఏలికపాములకు మేతలో పొగాకు పొడి కలిపేవారు. నికోటిన్ పురుగును పడేస్తుంది, మోతాదు తప్పితే కోడినీ పడేస్తుంది. పొగాకు పండే ప్రకాశం జిల్లా వైపు ఈ సంగతి పెద్దగా ప్రచారం చేయకపోవడమే మేలు. ఆ తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ గొట్టాలు, రెండో ప్రపంచ యుద్ధ కాలానికి ఫినోథయాజిన్. 1950ల్లో పైపరజైన్ వచ్చాక గానీ కోడికి ప్రాణభయం లేని మందు దొరకలేదు. అంతకుముందు పైపరజైన్‌ను మనుషుల్లో కీళ్లవాతానికి వాడి వదిలేశారు.

పైపరజైన్ పురుగును చంపదు, కండరాలు సడలగొడుతుంది. పట్టుతప్పిన పురుగు రెట్టతో బతికే బయటికొస్తుంది. పెద్ద ఏలికపాముల మీద బాగా పనిచేస్తుంది. పేగు గోడలో ఉన్న పిల్లపురుగుల మీద, సీకం పురుగు మీద నామమాత్రం. బద్దెపురుగు మీద అసలేమీ లేదు. పెద్ద కోడికి 100 మిల్లీగ్రాములు, ఆరు వారాల లోపు పిల్లకు 50 అన్నది పాత లెక్క. పిల్లపురుగులు మిగిలిపోతాయి కాబట్టి కొన్ని వారాల తర్వాత మళ్లీ వేయాలి. చవక, సులువు, నీళ్లలో కరుగుతుంది. మన షాపుల్లో దొరికే "కోళ్ల నట్టల మందు"ల్లో ఇదే ఎక్కువ. రెట్టలో మెతుకుల్లాంటి తునకలు చూసి దీన్ని కొన్నవాళ్లు మందు పనిచేయలేదని తిట్టుకుంటారు, పాపం ఆ మందు తప్పేమీ లేదు.

లెవామిసోల్ పరిధి ఎక్కువ: ఏలికపాము, సీకం పురుగు, కొంతమేరకు జుట్టు పురుగు కూడా. ఇది పురుగు కండరాల్ని బిగించేస్తుంది. చేదు వల్ల నీళ్లలో కలిపితే కోళ్లు తాగకుండా ఎగ్గొట్టే వీలుంది. బెండజోల్ వర్గం, అంటే ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, ఫ్లుబెండజోల్, పురుగు కణాల లోపలి నిర్మాణాన్ని పట్టి ఆకలితో చంపుతాయి. అది నిదానంగా జరిగే పని. అందుకే ఒకేసారి పెద్ద మోతాదు కన్నా రోజుల తరబడి చిన్న మోతాదు వీటికి బాగా అచ్చొస్తుంది. ఫెన్‌బెండజోల్ ద్రవ రూపంలో కిలో బరువుకు 1 మిల్లీగ్రాము చొప్పున అయిదు రోజులు, ఫ్లుబెండజోల్ మేతలో పది లక్షల వంతులకు 30 వంతుల చొప్పున ఏడు రోజులు విదేశాల్లో అనుమతి ఉన్న పద్ధతులు. బద్దెపురుగుకు ఆల్బెండజోల్ మోతాదు పెంచి, కిలోకు 20 మిల్లీగ్రాముల దాకా, వాడిన ప్రయోగాలు ఫలితమిచ్చాయి. ప్రాజిక్వాంటెల్ దానికి సూటి మందు.

ఐవర్‌మెక్టిన్ గురించి ఒక్క మాట. దాన్ని కనుగొన్నందుకు 2015లో నోబెల్ వచ్చింది, పశువుల్లో, మనుషుల్లో దాని గొప్పతనం గొప్పతనమే. కోడి ఏలికపాము మీద మాత్రం నమ్మదగ్గది కాదు, పైగా కొవ్వులో కరిగే గుణం వల్ల పచ్చసొనలో చేరి రోజుల తరబడి ఉంటుంది. గోమార్లకని గేదెల ఇంజెక్షన్ కోడి మెడ మీద చుక్క వేయడం కొన్నిచోట్ల అలవాటైంది. గుడ్లు తినే ఇంట్లో అది తగదు.

గుడ్డు సంగతే పెట్టకూ గొర్రెకూ మధ్య తేడా తెచ్చేది. గొర్రెకు మందు వేసి కొన్నాళ్లు కోయకుండా ఆగొచ్చు. పెట్ట రేపే గుడ్డు పెడుతుంది. పచ్చసొన తయారీలో ప్రధాన భాగం పది రోజుల పాటు జరుగుతుంది కాబట్టి ఇవాళ వేసిన మందు ఆ తర్వాతి పది రోజుల గుడ్లలోనూ జాడ వదలొచ్చు. దేశాలు దీన్ని ఒకేలా చూడవు. ఐరోపాలో ఫెన్‌బెండజోల్, ఫ్లుబెండజోల్, పైపరజైన్‌లకు గుడ్డులో ఎంతవరకు ఉండొచ్చో పరిమితి ఉంది. అమెరికాలో పైపరజైన్ సీసా మీద గుడ్లు పెట్టే కోళ్లకు వాడొద్దని రాసి ఉంటుంది. లెవామిసోల్‌కు ఐరోపాలో కోడి మాంసానికి పరిమితి ఉంది, గుడ్డుకు లేదు. అంటే పెట్టకు వాడకూడదనే. ఆల్బెండజోల్‌కు అక్కడ కోడి విషయంలో పరిమితే లేదు, అది నెమరువేసే పశువుల మందు. మన పెరళ్లలో ఎక్కువగా పడేది అదే. ఫెన్‌బెండజోల్ అనుమతి ఉన్నచోట గుడ్లు ఒక్కరోజు కూడా ఆపనక్కర్లేదు, కానీ ఆ మాట ఆ మోతాదుకు, ఆ తయారీకి మాత్రమే వర్తిస్తుంది. లేబుల్ మీద పెట్టల ప్రస్తావన లేని మందు వాడితే పశువైద్యుణ్ణి అడిగి, ఒకటి రెండు వారాలు ఆ గుడ్లు తినకుండా, అమ్మకుండా ఉండటమే నేను పాటించే పద్ధతి.

ఇప్పుడు "కొంచెం తక్కువ" దగ్గరికి వద్దాం. ఆల్బెండజోల్ ద్రవం 2.5 శాతంలో దొరుకుతుంది, 10 శాతంలోనూ దొరుకుతుంది. మొదటిదాని మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాములు, రెండోదానిలో 100. కిలోన్నర పెట్టకు, కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన 15 మిల్లీగ్రాములు కావాలి: ఒక సీసా నుంచి 0.6 మిల్లీలీటరు, ఇంకో సీసా నుంచి 0.15. చెంచాతో కొలిచే ఇంట్లో ఈ రెండు సీసాలూ ఒకటే. ఫెన్‌బెండజోల్ 25 శాతం పొడి ఇంకా చిక్కు. కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున ఒక గ్రాము పొడి 166 పెట్టల ఒక్కరోజు మోతాదు. పది పెట్టలున్న ఇంట్లో ఏ త్రాసుతో కొలుస్తారు? పైగా మామూలు పొడి నీళ్లలో కరగదు, అడుగున చేరుతుంది. ఆఖరున తాగిన కోడికి అంతా, మిగతావాటికి వట్టి నీళ్లు. అలాంటి పొడిని కొద్ది తవుడులో బాగా కలిపి, ఆ తవుడును మళ్లీ ఎక్కువ మేతలో కలుపుకుంటూ పోవాలి. ఇంట్లో పావురాలుంటే ఆ మేత వాటికి అందనీయొద్దు. కోడికి ఇబ్బంది చేయని ఫెన్‌బెండజోల్ పావురాలకు ప్రమాదకరమని రుజువైంది.

నీళ్లలో కలిపే పద్ధతి వాకిట్లో తిరిగే కోళ్లకు సగం వృథా. మందు నీళ్లు పెట్టిన ముంత వదిలేసి చేతిపంపు కింది మురుగు తాగుతాయి. ఎండాకాలం రెండింతలు తాగుతాయి, వానాకాలం అసలు తాగవు. పొద్దుగూకి గూటికి చేరాక ఒక్కో పెట్టను పట్టుకుని, సూది లేని సిరంజితో ముక్కు పక్క నుంచి కొద్దికొద్దిగా పోయడమే కచ్చితమైన దారి. కోడిని తూచడానికి సంచి, కొక్కెం త్రాసు చాలు.

పెరటి వైద్యాల్ని కొట్టిపారేయను, అన్నిటినీ ఒక గాటన కట్టనూ. పోకచెక్కలోని అరెకోలిన్ బద్దెపురుగు మీద నిజంగా పనిచేస్తుంది. ఒకప్పుడు కుక్కల బద్దెపురుగుకు దాని లవణాన్నే మందుగా వాడారు. దానికీ విషానికీ మధ్య దూరం మాత్రం తక్కువ. బొప్పాయి పాలు కోళ్ల ఏలికపాముల్ని తగ్గించినట్లు ఇండోనేషియాలో చేసిన పని ఉంది. వేప, వెల్లుల్లి మీద గాజు పాత్రల్లో వచ్చిన ఫలితాలు కోడి కడుపులో అంత నిలకడగా రాలేదు. కెనడాలో డయాటమ్ మట్టిని మేతలో రెండు శాతం కలిపి చూస్తే, తట్టుకునే శక్తి తక్కువున్న రకంలో మాత్రం సీకం పురుగులు, జుట్టు పురుగు గుడ్లు తగ్గాయి. వీటిలో ఏదీ పేగు నిండా పురుగులున్న పిల్లను కాపాడే స్థాయిలో లేదు.

ఎన్నాళ్లకోసారి? కరపత్రాల్లో మూడు నెలలకోసారి అని ఉంటుంది. ఏలికపాము అయిదు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ గుడ్లు పెడుతుందని ముందే చెప్పుకున్నాం. మూడు నెలల లెక్కలో కనీసం నెల రోజులు నేల మీద పురుగు గుడ్లు పడుతూనే ఉంటాయి. అలాగని నెల నెలా వేస్తే మందుకు లొంగని పురుగులు మిగిలి అవే పెరుగుతాయి. మన గొర్రెల కడుపు పురుగుల్లో బెండజోల్‌లు చాలాచోట్ల పనిచేయకుండా పోయింది ఇలాగే. 2019లో అమెరికాలో టర్కీల ఏలికపాముకు ఫెన్‌బెండజోల్ పనిచేయడం లేదని ప్రయోగంతో తేల్చారు. కోడి ఏలికపాము దానికి దగ్గరి చుట్టం. స్వీడన్‌లో 2016లో వచ్చిన పరిశోధన ఇంకో దారి చూపింది: తేదీ చూసి కాదు, రెట్ట పరీక్షించి, గ్రాముకు 200 గుడ్లు దాటినప్పుడు మందు వేయడం. పది పెట్టల ఇంటికి అంత లెక్క కుదరదు. కుదిరేది మరొకటి: వానలు మొదలైన నెలకు ఒకసారి, టీకాకు ముందు ఒకసారి, రెండు మూడు నెలల వయసు పిల్లలకు తప్పనిసరిగా ఒకసారి, మిగతా అంతా కూరకు కోసిన కోడి పేగు చూశాకే. నా అభిప్రాయం ఇది, అందరూ ఒప్పుకోకపోవచ్చు.

నేల సంగతి ఇక్కడే రావాలి, ఎందుకంటే కోడి ఒంట్లో ఉన్న పురుగుల కన్నా నేల మీద ఎదురుచూసే గుడ్లే ఎక్కువ. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ వాటిని చంపవు. ఆ పెంకు చాలా గట్టిది. ఎండ, పొడి, మరిగే నీళ్లు చంపుతాయి. మన తెలంగాణ, రాయలసీమ మే నెల ఎండకు బహిరంగ నేల మీద పడ్డవి చాలావరకు మాడిపోతాయి. గూటి లోపల, గాబు పక్క, చెట్టు నీడలో, తడి పెంటకుప్ప కింద ఉన్నవి మాత్రం నిలుస్తాయి. కోళ్లు రోజంతా గడిపేది కూడా సరిగ్గా అక్కడే. గూడును నేల నుంచి ఎత్తి, అడుగున సందులున్న బద్దలు వేస్తే రెట్ట కిందికి రాలిపోతుంది. గింజలు వాకిట్లో చల్లకుండా తొట్టిలో పోస్తే చాలా గుడ్లు ముక్కుకు అందవు. పిల్లల్ని పెద్ద కోళ్లు తిరిగే చోట కాకుండా వేరే మూలన మేపితే అంతకన్నా మేలు.

మందు వేసిన తర్వాతి రెండు రోజులూ పెట్టల్ని గూటిలోనే ఉంచండి. పైపరజైన్ వేశాక ఏలికపాములు కదులుతూ బయట పడతాయి, మిగతా కోళ్లు పరుగెత్తి వాటిని లాక్కుని తినేస్తాయి. తిన్న పురుగు వాటి కడుపులో మళ్లీ బతకదు. దాని ఒంట్లోని వేల గుడ్లు మాత్రం అరగకుండా రెట్టలోకి వచ్చి నేలకు చేరతాయి, రెండు మూడు వారాల్లో సోకడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ రెండు రోజుల రెట్టను గీకి ఎరువు గుంటలో మధ్యకు వేసి కప్పేయాలి, బాగా కాగిన గుంట వేడికి గుడ్లు చస్తాయి. ఆనపపాదు మొదట్లో వేస్తే తెల్లారేసరికి పెట్టలు అక్కడే గీరుతుంటాయి.